పైపు వేరు, టర్బైన్ వేరు

బొగ్గు కాల్చి కరెంటు తీసే కేంద్రం ఎంత కొత్తదైనా, ఇంధనంలోని శక్తిలో నలభై శాతానికి అటూఇటూ మాత్రమే తీగలెక్కుతుంది. మిగతాదంతా వేడి రూపంలో గాలిలోకో, నదిలోకో, సముద్రంలోకో పోతుంది. పాల్వంచలో 2024 ఆగస్టులో కూల్చేసిన కొత్తగూడెం థర్మల్ కేంద్రపు పాత కూలింగ్ టవర్లు దశాబ్దాల తరబడి చేసిన పని అదే. మన ఎండలకు ఆ వేడితో పనిలేదు గనక ఆ నష్టం మనకు నష్టంలా తోచదు. ఏడాదిలో సగానికి పైగా ఇల్లు వెచ్చబెట్టుకోక తప్పని ఉత్తర యూరప్‌లో మాత్రం అది చూస్తూ చూస్తూ పారబోస్తున్న సొమ్ము. ఒకచోట పుట్టిన వేడిని నీళ్లకెక్కించి, నేలలో పాతిన పైపుల గుండా ఊరంతటికీ పంపడం డిస్ట్రిక్ట్ హీటింగ్. ఒకే ఇంధనంతో కరెంటూ వేడీ రెండూ తీయడం కో-జనరేషన్. మన చక్కెర మిల్లుల వాళ్లకు బాగా తెలిసిన పని. ఈ రెండూ వందేళ్లుగా జంటగా నడిచాయి. ఒకదాన్ని సమర్థిస్తే రెండోదాన్నీ సమర్థించినట్టే లెక్క. గాలిమరలు, సోలార్ ప్యానెళ్లు విద్యుత్ మార్కెట్‌ను తలకిందులు చేసిన ఈ ఇరవై ఏళ్లలో ఆ జంట విడిపోతోంది. పైపుల విలువ పెరుగుతోంది. టర్బైన్ రోజంతా తిరగాల్సిన అవసరం తగ్గుతోంది. అయినా చాలా ప్రభుత్వాలు రెంటినీ ఇంకా ఒకే పద్దులో రాసి పోషిస్తున్నాయి. అది పొరపాటని నా వాదన.

ఈ జంట మొదట ఎందుకు కుదిరిందో చిన్న లెక్కతో తెలుస్తుంది. వంద పాళ్ల బొగ్గుతో కరెంటు ఒక్కటే తీస్తే నలభై పాళ్లు చేతికొస్తాయి. వృథాగా పోయే వేడి గోరువెచ్చని నీటి రూపంలో ఉంటుంది. దానితో ఇల్లు వెచ్చబడదు. ఆవిరిని టర్బైన్ చివరిదాకా పోనివ్వకుండా, ఇంకా కాక ఉండగానే పక్కకు తీస్తే కరెంటు ముప్పై పాళ్లకు తగ్గుతుంది. కానీ ఎనభై తొంభై డిగ్రీల నీరు యాభై, యాభై అయిదు పాళ్ల వేడిని మోసుకొస్తుంది. అంటే పది పాళ్ల కరెంటు వదులుకున్నందుకు యాభైకి పైగా వేడి దక్కింది. అదే పది పాళ్ల కరెంటుతో ఇంట్లో హీట్ పంపు నడిపితే, అది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడి ముప్పయ్యో ముప్పై అయిదో పాళ్లు ఇస్తుంది. కరెంటంతా బొగ్గు నుంచే వచ్చే లోకంలో కో-జనరేషన్‌కు సాటి లేదు. ఈ సంగతి మొదటి నుంచీ తెలిసిందే. 1882లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ పెట్టిన తొలి విద్యుత్ కేంద్రం చుట్టుపక్కల భవనాలకు ఆవిరి కూడా అమ్మింది. 1903లో కోపెన్‌హాగన్‌ను ఆనుకుని ఉన్న ఫ్రెడెరిక్స్‌బెర్గ్‌లో ఊరి చెత్త కాల్చి, ఆ వేడిని ఆస్పత్రికి పంపారు. 1924లో లెనిన్‌గ్రాద్‌లో మొదలైన పని సోవియట్ నగరాలన్నిటికీ పాకింది. ఇంధనం ఖరీదైనప్పుడల్లా ఈ లెక్క మళ్లీ బయటికొచ్చేది, చౌకైనప్పుడల్లా మూలన పడేది.

ఆ లెక్కను దేశమంతటికీ చట్టంగా మార్చింది డెన్మార్క్. 1973 చమురు సంక్షోభం నాటికి ఆ దేశం వాడే శక్తిలో తొంభై శాతానికి పైగా దిగుమతి చేసుకున్న చమురే. ఆదివారాలు కార్లు రోడ్డెక్కకుండా నిషేధించాల్సి వచ్చింది. 1979లో వేడి సరఫరా చట్టం తెచ్చి, ప్రతి మునిసిపాలిటీ తన పరిధిలోని వీధుల్లో ఎక్కడ పైపుల వేడి, ఎక్కడ సహజవాయువు అన్నది నక్షా గీసి తేల్చాలన్నారు. పైపుల ప్రాంతంలో ఉన్నవాళ్లు కలవక తప్పదని ఆదేశించే అధికారం మునిసిపాలిటీలకు దక్కింది. 1988 నుంచి కొత్త ఇళ్లలో కరెంటు హీటర్లు పెట్టడం ఆపేశారు. 1990 ఒప్పందం తర్వాత చిన్న చిన్న పట్టణాల బాయిలర్ గృహాలు గ్యాస్‌తోనో, గడ్డితోనో, చెత్తతోనో నడిచే కో-జనరేషన్ కేంద్రాలయ్యాయి. వాటి కరెంటుకు రోజులో మూడు వేళలకు మూడు ధరలు ముందే ఖాయం చేశారు. ఇంకో నియమం వీటన్నిటికంటే పెద్దది: వేడి అమ్మి లాభం తీయకూడదు, అయిన ఖర్చు మాత్రమే వసూలు చేయాలి. పైపులు మునిసిపాలిటీవి, లేదా వాడుకునేవాళ్ల సహకార సంఘానివి. ఈరోజు డెన్మార్క్ ఇళ్లలో దాదాపు మూడింట రెండు వంతులకూ, కోపెన్‌హాగన్‌లో నూటికి తొంభై ఎనిమిది ఇళ్లకూ ఈ వేడే అందుతోంది. 1980 తర్వాత ఆర్థిక వ్యవస్థ ఎంతో పెరిగినా దేశం వాడే మొత్తం శక్తి పెద్దగా పెరగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఇందులో మార్కెట్ చేసింది చాలా తక్కువ. ఈ కట్టడం మొత్తం ప్రణాళిక ఫలితం.

తర్వాత మార్కెట్ వచ్చింది. డెన్మార్క్ పశ్చిమ భాగం 1999లో, తూర్పు భాగం 2000లో నార్డిక్ దేశాల ఉమ్మడి విద్యుత్ విపణిలో చేరాయి. పెద్ద కో-జనరేషన్ కేంద్రాలు ఖాయమైన ధర వదులుకుని గంటగంటకూ మారే ధరకు అమ్ముకోవాల్సి వచ్చింది. అదే కాలంలో గాలిమరలు పెరిగాయి. దేశం వాడే కరెంటులో గాలి వాటా 2001లో 12 శాతం, 2015లో 42 శాతం, ఇప్పుడు సగానికి పైన. గాలికి ఇంధన ఖర్చు లేదు. అది వీచినప్పుడు ధర కిందికి జారుతుంది. కొన్ని గంటల్లో సున్నాకు దిగువకూ పోతుందని ఒప్పుకుని, 2009లో ఆ విపణి రుణాత్మక ధరలను అనుమతించింది. చలి తుఫాను రాత్రి సంగతి చూడండి. ఇళ్లకు వేడి కావాలి, అందుకు టర్బైన్ తిరగాలి, తిరిగితే కరెంటు పుడుతుంది, ఆ కరెంటును కొనే దిక్కు లేదు. పాత లెక్కలో వేడి, కరెంటు ఇచ్చిన కానుక. కొత్త లెక్కలో ఆ కానుక కోసం నష్టానికి కరెంటు తీయాలి. టర్బైన్ తగ్గితే తప్ప ఇంకో గాలిమరకు చోటు దొరకని గంటలు ఏటేటా పెరిగాయి.

ఈ చిక్కు ఎంత దూరం పోగలదో చైనా చూపించింది. ప్రపంచంలో అతి పెద్ద పైపుల వేడి వ్యవస్థ ఇప్పుడు ఉత్తర చైనాదే. అందులో అధిక భాగం బొగ్గు కో-జనరేషన్. చలికాలంలో వేడి కోసం ఈ కేంద్రాలు తగ్గకుండా నడవాలి. ఈశాన్య చైనాలో గాలి బలంగా వీచేదీ ఆ నెలల్లోనే. ఫలితంగా 2016లో జీలిన్ రాష్ట్రంలో గాలిమరలు ఇవ్వగలిగిన కరెంటులో దాదాపు 30 శాతాన్ని ఆపి పారేయాల్సి వచ్చింది. కార్బన్ తగ్గించే సాధనమని పొగిడిన కో-జనరేషనే అక్కడ కార్బన్ లేని కరెంటుకు అడ్డుపడింది. సామర్థ్యం ఎక్కువగా ఉన్న యంత్రం దానంతటదే మంచి వ్యవస్థ కాదు. ఏ గంటకు నడుస్తుంది, ఏ గంటకు ఆగగలదు అన్నదాన్ని బట్టే దాని మంచిచెడ్డలు.

డెన్మార్క్ అదే చిక్కు నుంచి బయటపడిన దారి తెలిస్తే పైపుకూ టర్బైన్‌కూ ఉన్న తేడా స్పష్టమవుతుంది. అక్కడ దాదాపు ప్రతి చిన్న కేంద్రం పక్కనా మొదటి నుంచీ పెద్ద వేడినీటి ట్యాంకు ఉంది. ధర బాగున్న వేళ ఇంజిన్ నడిపి వేడిని దాచుకోవడానికి కట్టినవి అవి. గాలి పెరిగాక వాటికే ఇంకో పని దొరికింది. దేశపు ఉత్తర కొనన ఉన్న స్కాగెన్ పట్టణాన్ని చూడండి: గ్యాస్ ఇంజిన్లు, చెత్త కాల్చే కొలిమి, కరెంటు బాయిలర్, ట్యాంకు ఒకే పైపుల వ్యవస్థకు కలిసి ఉన్నాయి. ధర పెరిగితే ఇంజిన్లు తిరిగి కరెంటు అమ్ముతాయి. ధర పడిపోతే అవి ఆగి, కరెంటు బాయిలర్ ఆ చౌక కరెంటును మింగి నీళ్లు కాస్తుంది. జనం ఇంట్లో రేడియేటర్ వెచ్చగానే ఉంటుంది. వెనక ఏది నడిచిందో వాళ్లకు తెలియనవసరం లేదు. చెరువు నీటితో సాగయ్యే ఊళ్లో వాన ఏ రోజు పడిందన్నది లెక్క కాదు, పడ్డ నీళ్లు నిలిచాయా లేదా అన్నదే లెక్క, ఇదీ అంతే. యూనిట్‌కు ఇంత అని లెక్కేస్తే, వేడిని నీళ్లలో దాచడం కరెంటును బ్యాటరీలో దాచడం కంటే ఎన్నో రెట్లు చౌక. వోయెన్స్ పట్టణంలో ఒక పాత ఇసుక గోతిని 2015లో రెండు లక్షల ఘనపు మీటర్ల వేడినీటి మడుగుగా మార్చి, పైన మూత కప్పి, వేసవి ఎండ వేడిని చలికాలానికి దాచుకుంటున్నారు. కోపెన్‌హాగన్‌లో 2008 నుంచి ఒక ఉమ్మడి బృందం నగరం చుట్టూ ఉన్న కేంద్రాల్లో ఏ గంటకు ఏది వేడి ఇవ్వాలో ఇంధన ధర, కరెంటు ధర చూసి రోజూ నిర్ణయిస్తుంది.

పన్నుల విషయంలో మాత్రం డెన్మార్క్ ఆలస్యం చేసింది. కరెంటుతో నీళ్లు కాచడం మీద బొగ్గు రోజుల నాటి బరువైన పన్ను చాలా ఏళ్లు అలాగే ఉండిపోయింది. గాలి కరెంటు చౌకగా పొరుగు దేశాలకు పోతుంటే, ఇక్కడి పట్టణాలు పన్నుకు జడిసి చెక్క ముక్కలు కాల్చాయి. 2021లో ఆ పన్నును యూరప్ అనుమతించే కనిష్ఠ స్థాయికి తగ్గించాక పెద్ద హీట్ పంపులు బారులు తీరాయి. ఎస్బియర్ ఓడరేవులో 2024లో బొగ్గు కేంద్రాన్ని మూసేశారు. దాని బదులు సముద్రపు నీటి నుంచి వేడిని తోడే 70 మెగావాట్ల హీట్ పంపులు పెట్టారు. పక్కనే ఉన్న వాడెన్ సముద్రం యునెస్కో గుర్తించిన సున్నితమైన తీరం కాబట్టి, కారినా హాని చేయని కార్బన్ డయాక్సైడ్‌నే ఆ యంత్రాల్లో శీతలకారకంగా వాడారు. ఒడెన్సేలో మెటా సంస్థ డేటా సెంటర్ నుంచి వచ్చే వేడి వేల ఇళ్లకు పోతోంది. ఎస్బియర్‌లో మారింది వేడి పుట్టే చోటు మాత్రమే. ఊళ్లోని పైపులు, ఇళ్లలోని మీటర్లు, సంఘాల లెక్కలు అలాగే ఉన్నాయి. బొగ్గు నుంచి సముద్రానికి మారడానికి ఏ ఇంటి గోడా పగలగొట్టనక్కర్లేదు. యాభై ఏళ్లు మన్నే పైపు, ఈ లోపు రెండు మూడు తరాల యంత్రాలను మోస్తుంది. ప్రజాధనం ముందుగా ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం బలమైనదే. ప్రతి ఇంట్లో సొంత హీట్ పంపు పెట్టుకోగలిగితే పైపులెందుకు? పైపుల్లో సగటున అయిదో వంతుకు దగ్గరగా వేడి నేలపాలవుతుంది. ఇళ్లు దూరదూరంగా ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. గోడలకు మంచి తొడుగు వేసిన కొత్త ఇళ్లు అసలు వాడేదే కొంచెం. విడివిడి ఇళ్లున్న శివార్లలో, పల్లెల్లో ఈ అభ్యంతరం నెగ్గుతుందని ఒప్పుకోవాలి. 2022లో రష్యా గ్యాస్ ఆగి, ఆగస్టులో యూరప్ గ్యాస్ ధర మెగావాట్-గంటకు 300 యూరోలు దాటినప్పుడు, డెన్మార్క్ ప్రభుత్వం గ్యాస్ బాయిలర్లున్న దాదాపు నాలుగు లక్షల ఇళ్లకు ఏడాది చివరిలోగా ఉత్తరాలు రాయించింది: మీ వీధికి పైపు వస్తుందా రాదా అని. వస్తుందన్న చోట్ల కూడా వడ్డీలు, పైపుల ధరలు పెరిగి, ఆగలేని జనం సొంత పంపులు పెట్టుకుని, కొన్ని పథకాలు వెనక్కి పోయాయి. కొత్త ప్రాంతాల్లో తప్పనిసరిగా చేరాలని ఆదేశించే అధికారాన్ని మునిసిపాలిటీల నుంచి 2019లోనే తీసేయడం ఇక్కడ దెబ్బకొట్టింది. అయితే మేడ మీద మేడగా జనం నివసించే నగరంలో లెక్క మారుతుంది. వేల హీట్ పంపులు బాల్కనీల్లో వేలాడదీయడానికి చోటూ లేదు, గడ్డకట్టే సాయంత్రం అవన్నీ ఒకేసారి నడిస్తే మోయగల తీగలూ లేవు. సొంత పంపు కరెంటు ఖరీదైన గంటలో కూడా నడవాలి. ఊరి పంపు ట్యాంకు నింపుకుని ఆగగలదు. నీటి వేడి తగ్గించినకొద్దీ పైపుల నష్టం కూడా తగ్గుతుంది. ఆల్బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రిక్ లుండ్, ఆయన సహచరులు 2014లో నాలుగో తరం అని పేరుపెట్టి వివరించిన వ్యవస్థ యాభై అరవై డిగ్రీల నీటితో పనిచేస్తుంది. అంత తక్కువ వేడితో సరిపెట్టుకోగలిగితేనే డేటా సెంటర్, సముద్రం, మురుగునీరు వంటివి వేడికి ఆధారాలవుతాయి.

రెండో అభ్యంతరం గుత్తాధిపత్యం. పైపు ఒక్కటే ఉంటుంది. ఇంకో కంపెనీకి మారే వీలుండదు. ఈ భయం ఊహించినది కాదు, అనుభవించినది. స్వీడన్‌లో 1996 విద్యుత్ సంస్కరణలతో పాటు వేడి సరఫరా కూడా వ్యాపారమైంది. ధరల మీద రేగిన గొడవ ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. బ్రిటన్‌లో 2022లో ఇంటి గ్యాస్ బిల్లులకు పరిమితి ఉంది గానీ, ఉమ్మడి బాయిలర్ మీద ఆధారపడ్డ అపార్ట్‌మెంట్లకు ఆ రక్షణ లేక బిల్లులు విపరీతంగా పెరిగాయి. 2023 ఇంధన చట్టంతో గానీ వాళ్లకు నియంత్రణ సంస్థ దొరకలేదు. రుమేనియాలో 1989 తర్వాత మరమ్మతులు లేక, మీటర్లు లేక, ఇళ్లు ఒకటొకటిగా విడిపోయి సొంత గ్యాస్ బాయిలర్లు పెట్టుకున్నాయి. విడిపోయిన ప్రతి ఇంటి భారమూ మిగిలినవాళ్ల మీద పడి, ఎన్నో పట్టణాల్లో వ్యవస్థే మూతపడింది. ఇవన్నీ చూశాక నాకు తోచేది: పైపు మీద లాభం తీయనివ్వకూడదు. డెన్మార్క్ నియమం జనానికి నమ్మకం ఇచ్చింది. ఆ నమ్మకం వల్లే తక్కువ వడ్డీకి అప్పు పుట్టింది. బెర్లిన్ రాష్ట్రం 2024లో వాటెన్‌ఫాల్ సంస్థ నుంచి నగరపు వేడి వ్యవస్థను తిరిగి కొనేసుకున్నదీ ఈ జ్ఞానంతోనే అనుకుంటాను. ఏ గంటకు ఏ యంత్రం నడవాలో ధర చెప్పనివ్వవచ్చు. ఏ వీధికి పైపు వేయాలో ధరకు తెలియదు. యాభై ఏళ్ల నిర్ణయాన్ని రేపటి గ్యాస్ రేటు చేయలేదు.

ఇక టర్బైన్ పక్షాన చెప్పాల్సింది ఒకటుంది. గాలి లేని, ఎండ లేని చలికాలపు వారాలు వస్తాయి. 2024 డిసెంబర్ 12న జర్మనీలో ఒక గంట కరెంటు ధర మెగావాట్-గంటకు 936 యూరోలకు చేరింది. అటువంటి రోజున హీట్ పంపులన్నీ భారమవుతాయి. కరెంటూ వేడీ రెండూ ఇచ్చే కేంద్రం రెండు చేతులా ఆదుకుంటుంది. కాబట్టి టర్బైన్లను కూల్చేయాలని నేను అనడం లేదు. అవి సిద్ధంగా ఉన్నందుకు డబ్బివ్వాలి, తిరిగినందుకు కాదు. జర్మనీ కో-జనరేషన్ చట్టం 2002 నుంచి ప్రధానంగా తీసిన యూనిట్‌కు ఇంత అని చెల్లిస్తూ వచ్చింది. 2025 జనవరిలో దాన్ని ఇంకొన్నేళ్లు పొడిగించారు కూడా. గాలి వీచే రోజు కూడా తిరగమని యంత్రాన్ని ప్రోత్సహించే ఈ పద్ధతి సగం తప్పు. డెన్మార్క్ తన చిన్న కేంద్రాలకు ఇచ్చిన స్థిర భత్యాన్ని 2018 చివర ఒక్కసారిగా ఆపేయడమూ ఇంకో సగం తప్పు; ఆపత్కాలంలో అక్కరకొచ్చే ఇంజిన్లు కొన్ని అలా తుక్కుకు పోయాయి. బొగ్గు స్థానంలో చెక్క గుళికలు తెచ్చి కాల్చడాన్ని పరిష్కారంగా చూపడం కూడా నాకు సమ్మతం కాదు. సముద్రాలు దాటి వచ్చే ఆ చెక్క మళ్లీ చెట్టుగా పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. లెక్కల పుస్తకంలో మాత్రం ఆ పొగ సున్నా.

ఉక్రెయిన్ యుద్ధం ఇంకో ప్రశ్న లేవనెత్తింది. ఊరి వేడంతా ఒకే కేంద్రం నుంచి వస్తే, దాన్ని కొడితే చాలు. ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌కు వేడీ కరెంటూ ఇచ్చే పెద్ద కేంద్రం 2024 మార్చి దాడిలో ధ్వంసమైంది. ఆ తర్వాత ఆ దేశం చిన్న గ్యాస్ ఇంజిన్లను, బాయిలర్లను నగరమంతటా విడివిడిగా పెట్టి, ఉన్న పైపులకే కలపడం మొదలుపెట్టింది. ఒకే మూలం ఉన్న పైపు ప్రమాదం. పది మూలాలున్న పైపు రక్షణ.

తెలుగు నేలకు ఇందులో పని ఉన్న చోట్లు రెండు. చక్కెర మిల్లుల్లో పిప్పి కాల్చి, రసం కాచే ఆవిరితో పాటు గ్రిడ్‌కు కరెంటూ ఇస్తున్నారు. పగటి సోలార్ కరెంటు యూనిట్ రెండున్నర, మూడు రూపాయల చుట్టూ దొరుకుతున్న రోజుల్లో రోజంతటికీ ఒకే ధర అడిగితే డిస్కంలు ముఖం తిప్పుకుంటాయి. గానుగ ఆడే నెలల్లో ఆవిరి ఎలాగూ కావాలి. మిగిలిన పిప్పిని మాత్రం నిల్వ చేసి సాయంత్రం ఆరు నుంచి పది దాకా కాలిస్తే దాని విలువే వేరు. ధర కూడా ఆ వేళకు తగ్గట్టు ఇవ్వాలి. రెండోది చల్లదనం. వేడినీటి బదులు చన్నీటిని పైపుల్లో పంపి భవనాలను చల్లబరిచే పద్ధతి గుజరాత్ గిఫ్ట్ సిటీలో నడుస్తోంది. 2019 జాతీయ శీతలీకరణ ప్రణాళిక దాన్ని ప్రోత్సహించమంది. అదే ఏడాది అమరావతి ప్రభుత్వ భవనాలకు ఇటువంటి వ్యవస్థ కోసం గల్ఫ్ కంపెనీ తబ్రీద్‌తో ఒప్పందం కుదిరింది; కొన్ని నెలలకే రాజధాని పనులన్నిటితో పాటు అదీ ఆగింది. మధ్యాహ్నపు సోలార్ కరెంటుతో చన్నీళ్లు తయారుచేసి ట్యాంకులో దాచి, సాయంత్రం గ్రిడ్ ఇరుకైన వేళ వాడుకోవడం వోయెన్స్ మడుగుకు అచ్చంగా మన వాతావరణపు రూపం. ఇది అన్ని వీధులకూ పనికిరాదు. సచివాలయాలు, ఆస్పత్రులు, ఐటీ భవనాలు దగ్గరదగ్గరగా ఉన్న చోట్లకే పనికొస్తుంది. అమరావతిలో, హైదరాబాద్ శివార్లలో అటువంటి ప్రాంతాలకు ఇప్పుడు లేఅవుట్లు గీస్తున్న అధికారులకు నా విన్నపం ఒకటే: చల్లబరిచే యంత్రం ఏదో, దాన్ని ఎవరు నడపాలో తర్వాత తేల్చుకోవచ్చు, రోడ్డు వేయకముందే పైపులకు దారి వదలండి, ఆ పైపులను ప్రజల ఆస్తిగా ఉంచండి.